గాలి దిమ్మెలు

నల్లపాడు,
గుంటూరు జిల్లా.
21-1-2008, సోమవారం.

చిరంజీవి తమ్ముడు కలీంకు,

అస్సలాము అలైకుం. అక్క జోహరాబీ దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలియజేయగలవు అని నాన్న ప్రతి ఉత్తరం మొదట్లో రాసేవాడు. నేనూ ఆ మాటతోనే మొదలుపెడదామని కూర్చున్నాను. కలం కదల్లేదు. అందుకని ఆ మాట వదిలేసి సంగతులు రాస్తున్నాను.

ఇది వేటపాలెంలో జాన్‌బీ పిన్నికి పంపుతున్నాను. పిన్ని పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీకి నువ్వు ఫోన్లు చేస్తున్నావట కదా. చేసినప్పుడల్లా ముందు అడిగేది “బావ ఎలా ఉన్నాడు” అనేనట. నువ్వెక్కడున్నావో పిన్ని నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈసారి ఫోన్ వస్తే, మనిషిని పంపి ఇది తీసుకెళ్లమని చెబుతానంది.

నీ మాటకు జవాబు ముందు రాస్తాను. మీ బావ బతికే ఉన్నాడు. తలకు కుట్లు పడ్డాయి. కుడిచెయ్యి సరిగా లేవడం లేదు, మాట మెల్లిగా వస్తోంది. నీ పేరెత్తితే కోప్పడటం లేదు. వాణ్ని రమ్మను అంటున్నాడు.

ఆ రోజు షెడ్డులో జరిగింది నీకు సగమే తెలుసు. ముసుగు లోపల్నుంచి చూసిన సగం. బయట నిలబడి నేను చూసిన సగం రాస్తాను. మధ్యలో మడిచి పక్కన పెట్టకుండా చదువు.

మొదటి నుంచీ రాయనివ్వు. నీకు తెలిసినవే. కానీ వాటిని నువ్వు కావాలనే మరిచిపోయావని నా అనుమానం.

రాధాకృష్ణమూర్తి గారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక రైల్వే గేటు అవతల ఆ రేకుల షెడ్డు వేశారు. మీ బావ రహమాన్ అందులో ఫిట్టరు. నేను జల్లెడ దగ్గర, ఆరబెట్టే ట్రేల దగ్గర. నువ్వు పిడుగురాళ్ల నుంచి వచ్చిన సున్నం బస్తాలు దించి మిక్సర్‌లో పోసేవాడివి. సున్నంలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి, ముద్ద చేసి, జంతికల గొట్టంలాంటి మిషన్‌లో పెట్టి వత్తితే కందిగింజంత గుళికలు రాలేవి. ఆపరేషన్ గదిలో మత్తుమందు మిషన్‌లో ఈ గుళికలు పోస్తారనీ, రోగి వదిలిన చెడుగాలిని ఇవి పట్టేసుకుంటాయనీ, అందుకే మత్తులో ఉన్నవాడు వదిలిన గాలినే మళ్లీ పీల్చినా ప్రమాదం ఉండదనీ మూర్తిగారు మనందరినీ కూర్చోబెట్టి చెప్పారు. “అయితే సార్, మనం చేసేది ఊపిరి బియ్యం అన్నమాట” అన్నావు నువ్వు. ఆయన కళ్లజోడు తీసి నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత నీ మాటే పేరుగా నిలిచిపోయింది. డబ్బాల మీద ఏం రాసి ఉన్నా షెడ్డులో మాత్రం అందరికీ ఊపిరి బియ్యమే.

తర్వాత ఆయన కూతురు రచన మద్రాసులో చదువు ముగించుకుని వచ్చింది. గదిలో గాలిని శుభ్రం చేసినట్టే బయటి గాలిని ఎందుకు చేయకూడదు అంది. లారీల పొగ, ఫ్యాక్టరీల పొగ, బొగ్గు కాల్చిన పొగ, అన్నీ కలిసి భూమి వేడెక్కిపోతోందని చెప్పింది. స్కూల్లో మనం బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నామే, దాన్ని గాలిలోంచి వెనక్కి లాగాలంది. గుళికలు ఆ పనికి రావు. ఒకసారి వాడితే పారేయడమే. పైగా కుప్ప పోస్తే గాలి లోపలికి దూరదు. అందుకని తేనెపట్టులాగా నిండా సన్నటి సొరంగాలున్న దిమ్మె కావాలి. దాని ఒంటికి మందు పట్టించాలి. గాలి ఒక వైపు నుంచి దూరి రెండో వైపు నుంచి తేలికపడి బయటికి రావాలి. దిమ్మె నిండాక వేడి చేస్తే, పట్టుకున్నదంతా వదిలేసి మళ్లీ కొత్తదైపోవాలి. హైదరాబాదులో పరిశోధన చేసే ఒక సంస్థవాళ్లు చేసి పంపండి చూస్తాం అన్నారు.

ఎన్ని పాడైపోయాయో నీకు గుర్తుందా? సన్నటి రంధ్రాలున్న ఇనుప అచ్చుపలకలోంచి ముద్ద బయటికి వచ్చేటప్పుడే మూలలు చిరిగిపోయేవి. చిరగనివి నీడలో ఆరేటప్పుడు నెర్రెలు విచ్చేవి. అవీ దాటినవి బట్టీలో ఠప్పుమని పేలేవి. జిన్నింగు మిల్లులో గింజకు అంటుకుని మిగిలిపోయే పొట్టి దూదిని ముద్దలో కలుపుదామని రచన ఎక్కడో చదివి చెప్పింది. బట్టీలో దూది కాలిపోతే దాని చోట కంటికి కనపడని దారులు మిగులుతాయట. దూది ఉండ కట్టకుండా ఏకాలి కదా. నాన్న పరుపులు కుట్టే రోజుల్లో వాడిన విల్లు అటక మీద నుంచి దింపింది నువ్వే. నువ్వు ఏకుతుంటే షెడ్డంతా దూది ఎగిరి, నాతో ట్రేలు మోసే వీరమ్మ జుట్టు తెల్లబడింది. “ఇట్టాగైతే మా ఆయన నన్ను ముసలిదాన్నని వదిలేస్తాడ్రా” అని వీరమ్మ నీ వెంటపడింది.

పగులు లేని మొదటి దిమ్మె బట్టీలోంచి వచ్చిన రోజు మీ బావ దాన్ని రెండు చేతులతో ఎత్తి ఎండకు పట్టుకున్నాడు. వెలుగు సన్నటి గళ్లు గళ్లుగా నీ ముఖం మీద పడింది. నువ్వు ఒక వైపు నోరు పెట్టి ఊదావు. రెండో వైపు రచన చెయ్యి పెట్టి, “వస్తోంది, గాలి వస్తోంది” అని అరిచింది. ఆ రోజు షెడ్డులో మనకంటే సంతోషంగా ఉన్నవాళ్లు గుంటూరు జిల్లాలో లేరనుకున్నాను.

ఒకరి కింద పని చేయడం నా వల్ల కాదని మరుసటేడు నువ్వు మానేశావు. షెడ్డు వెనక చేనే కౌలుకు తీసుకుని మిర్చి వేశావు. మేం వద్దనలేదు. మీ బావ సెలవు రోజుల్లో వచ్చి నీతోపాటు నారు కూడా నాటాడు. పూత దశలో ముడత తగిలింది. ఆకులు దోనెల్లా ముడుచుకుపోయి, మొక్క గిడసబారిపోయింది. చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో అదే గతి. నువ్వు చేనుగట్టు మీద కూర్చుని మొక్కలు ఒక్కొక్కటే పీకి కాళ్ల దగ్గర పెట్టుకుంటుంటే కంచె ఇవతల నుంచి చూశాను. పిలిస్తే ఇంకో మొక్క పీకావు.

సరిగ్గా అప్పుడు నీ పక్కన వచ్చి కూర్చున్నాడు చెంచురామయ్య. యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారం చేసేవాడికి చేలగట్ల మీద ఏం పనో నువ్వు ఆలోచించలేదు. మన షెడ్డు చుట్టూ పొలాలు కొని ప్లాట్ల రాళ్లు పాతించింది వాడే. ఆ ప్లాట్లకు రోడ్డు రావాలంటే మన షెడ్డు పోవాలి. అమ్మనని మూర్తిగారు తెగేసి చెప్పారు. అప్పటి నుంచి వాడు ఊరూరా ఒకే మాట చెప్పుకొచ్చాడు. “మొక్కలు పీల్చే గాలినే ఆ ఫ్యాక్టరీ తాగేస్తోంది. మీ చేలు ముడుచుకుపోక ఏమవుతాయి?”

పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టారు. రచన ఒక దిమ్మె పట్టుకొచ్చి అందరికీ చూపించింది. ఈ దిమ్మెలన్నీ కలిపి ఏడాదంతా పట్టేది మీ ట్రాక్టర్లు వదిలే పొగలో పిసరంతైనా ఉండదని చెప్పింది. ముడత తెచ్చేది పురుగు, గాలి కాదంది. జనం కొంచెం మెత్తబడ్డారు. అప్పుడు లేచావు నువ్వు. “ఒక్క మాట చెప్పండి మేడమ్. మొక్క బతికేది ఆ బొగ్గుపులుసు వాయువు మీదేనా కాదా? మీ దిమ్మె పట్టేది కూడా అదేనా కాదా?” అన్నావు. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. “అవునండీ, రెండూ ఒకటే, కాకపోతే...” అంది. తర్వాత మాట ఎవరూ విననివ్వలేదు. కుర్చీలు లేచాయి. ఎవరో ఆ దిమ్మెను లాక్కుని నేలకేసి కొట్టారు. మీ బావ రచనను వెనక్కి నెట్టి అడ్డంగా నిలబడితే చొక్కా చింపారు. నువ్వు అక్కడే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డావు.

గేటు దగ్గర టీ కొట్లో జరిగింది నాకు మన షెడ్డులో పనిచేసే ఖుర్షిదా చెప్పింది. రచన గురించి నువ్వు అన్న మాట నేను ఈ కాగితం మీద పెట్టను. మీ బావ నిన్ను చెంపమీద కొట్టాడు. అందరి ముందూ కొట్టాడు. నీకు అది తప్పనిపించడం సహజమే. కానీ నువ్వు గాజు గ్లాసు పగలగొట్టి ఆయన కనుబొమ మీద దింపావు. రక్తం కళ్లలోకి కారుతుంటే ఇంటికి నడిచొచ్చాడు. నేను గుడ్డ పెట్టి అదుముతూ నిన్ను శాపనార్థాలు పెడుతుంటే, “ఊరుకో జోహరా, చేను పోయినవాడు” అన్నాడు.

ఆ వారం నుంచి పనికి వెళ్లే దారిలో రాళ్లు పడేవి. ఎక్కడి నుంచి పడేవో కనపడేది కాదు, పత్తిచేలు ఎత్తుగా ఉన్నాయి. ఒకటి వీరమ్మ దవడకు తగిలి రెండు పళ్లు ఊడిపోయాయి. పళ్లు కొంగులో మూటకట్టుకుని పనికి వచ్చింది ఆ మనిషి. సాయంత్రం దాకా ట్రేలు మోసింది. ఒకరోజు పొద్దున వచ్చేసరికి షెడ్డు కుక్కను చంపి తలుపుకు వేలాడదీశారు. ఖుర్షిదా ఆ రోజు నుంచి రానంది. వాళ్లమ్మ తిట్టి పంపితే మళ్లీ వచ్చింది.

డిసెంబరులో ఆ శుక్రవారం సంగతి రాస్తాను.

హైదరాబాదుకు పంపాల్సిన దిమ్మెలు సిద్ధమయ్యాయి. గడ్డి పరిచి, గోనెపట్టాలు చుట్టి గోడవారన పేర్చాం. మరునాడు లారీ వస్తుంది. మీ బావ నమాజుకు వెళ్లొచ్చి, అన్నం తిని, అచ్చుపలక విప్పి కడుగుతున్నాడు. నేను ఊపిరి బియ్యం ముద్దకు కాస్టిక్ నీళ్లు ముంచి పోస్తున్నాను. మగవాళ్లలో ఇద్దరు బట్టీ దగ్గర. ట్రాక్టరు చప్పుడు వినిపిస్తే లారీ ముందే వచ్చిందేమో అనుకున్నాం.

మీరు దూకారు. ముఖాలకు తువ్వాళ్లు, చేతుల్లో గడ్డపారలు, ఇనుప రాడ్లు. ఒక్కరూ నోరు తెరవలేదు. ముందు తిట్టి ఉంటే మేం పరిగెత్తేవాళ్లమేమో. చప్పుడు చేయకుండా పని మొదలుపెట్టారు. గోనెపట్టాల మీద గడ్డపార పడుతుంటే లోపల దిమ్మెలు ఎలా చప్పుడు చేశాయో తెలుసా? పింగాణీ గిన్నెలు పగిలినట్టు కాదు. ఎముక విరిగినట్టు. ఎన్ని నెలల పని అది! రచన వాటి మీద పడుకుంది. పడుకున్న మనిషిని కాలితో తన్ని దొర్లించారు. లేచి మళ్లీ పడుకుంటే మణికట్టు మీద రాడ్డు వేశారు. చెయ్యి వేరే దిక్కుకు తిరిగి వేలాడటం చూశాను. ఖుర్షిదాను జడ పట్టుకుని ట్రేల మధ్య ఈడ్చారు. వీరమ్మ ఇనుప జల్లెడ తీసుకుని ఒకడి ముక్కు పచ్చడి చేసింది. వాడి తువ్వాలు ఊడితే నీతో తిరిగే మీరా హుస్సేన్ అని తెలిసింది. బట్టీ దగ్గరివాళ్లను అక్కడే గోడకు అదిమి మోకాళ్ల మీద కొట్టారు.

మీ బావ మాత్రం మిషన్ ముందు నిలబడ్డాడు. అచ్చుపలకను గుండెలకు హత్తుకుని, “దిమ్మెలు పగలగొట్టుకోండ్రా. మళ్లీ చేసుకుంటాం. దీని జోలికి మాత్రం రావద్దు” అన్నాడు. ఆ పలకలో ఒక్కో రంధ్రం ఆయన తన చేత్తో తొలిచినదే. ఒకడు ఎదురొచ్చాడు. ఎత్తుగా, సన్నగా. మొదటి దెబ్బ భుజం మీద. ఆయన పలక వదల్లేదు. రెండోది తల మీద. ఆ చప్పుడు నేను రాయలేను. మోకాళ్ల మీద కూలబడ్డాడు. వాడు మూడోసారి రాడ్డు ఎత్తాడు.

నా చేతిలో కాస్టిక్ నీళ్ల మగ్గు ఉంది. ఆలోచించలేదు. వాడి ముఖం మీద కొట్టాను.

తువ్వాలు పీక్కుంటూ, నేల మీద పొర్లుతూ వాడు అరిచిన మాట “అక్కా!”

షెడ్డులో అందరూ నన్ను అక్కా అనే పిలుస్తారు, నాకంటే పెద్దవాళ్లు కూడా. కానీ ఆ మాటను నిన్ను ఎత్తుకుని తిరిగిన రోజుల నుంచి వింటున్నాను. గొంతు పోల్చుకోవడానికి ముఖం చూడనక్కర్లేదు.

ఆ తర్వాత నీకు ఏం గుర్తుందో నాకు తెలియదు. కాస్టిక్ పడితే నీళ్లు, నీళ్లు, ఆపకుండా నీళ్లు అని రచన మనందరికీ నేర్పింది కదా. నిన్ను కాలరు పట్టుకుని కుళాయి దాకా ఈడ్చాను. నువ్వు నన్ను తన్నావు. మోచెయ్యి కొరికావు, పళ్ల గాట్లు ఇంకా మానలేదు. నీ గుండెల మీద మోకాలు పెట్టి, జుట్టు పట్టి తల కుళాయి కింద పెట్టి, రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకున్నాను. “మూసుకోవద్దురా, తెరువు, కన్ను తెరువు, చచ్చినోడా తెరువు” అని అరుస్తూనే ఉన్నాను. ఎడమ కన్ను కాస్త తెరిచావు. కుడిది తెల్లగా ఉంది. నీళ్ల కింద నీ ముఖం మీది తోలు నా వేళ్లకు జిగటగా తగులుతోంది. ఒక చేత్తో చంపాలనీ ఉంది, ఒక చేత్తో కడుగుతున్నాను. చివరికి మీరా హుస్సేన్ వచ్చి నన్ను నడుం మీద తన్ని, నిన్ను భుజాన వేసుకుని ట్రాక్టరెక్కించాడు.

ఇక తర్వాతి కబుర్లు. రచన చెయ్యికి ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. మూర్తిగారు షెడ్డులో పగిలిన ముక్కలన్నీ ఊడ్పించి, పొడి కొట్టించి మళ్లీ ముద్దలో కలపవచ్చేమో చూస్తున్నారట. అచ్చుపలకకు ఏమీ కాలేదు. మీ బావ రక్తం పట్టి ఉంటే వీరమ్మే కడిగిందట. ఈ మాటలన్నీ వీరమ్మ వచ్చి చెబుతుంది. షెడ్డుకు నేను వెళ్లడం లేదు, మీ బావను చూసుకోవాలి కదా.

చెంచురామయ్య ఇంటికి వచ్చాడు. పళ్లబుట్ట తెచ్చాడు. “చూడమ్మా, కొట్టింది నీ సొంత తమ్ముడు. నీళ్లు చల్లి కన్ను పోగొట్టింది నువ్వు. ఇది అక్కాతమ్ముళ్ల తగాదా. ఇంటి తగాదాకు కోర్టులెందుకు? మూర్తిగారిని స్థలం వదులుకోమను, అందరికీ మంచిది” అన్నాడు. నేను బుట్ట ఎత్తి వాడి నెత్తిన కొట్టాను. వాడి మనిషి నా మెడ పట్టుకుని గోడకు గుద్దాడు. నాలుగిళ్ల వాళ్లు బయటికి వచ్చేసరికి వదిలి వెళ్లిపోయారు. రెండు రోజులు అన్నం మింగుడు పడలేదు. కానీ వాడి నోటి నుంచే నాకు విషయం అర్థమైంది. వాణ్ని కాపాడేది ఆ ఒక్క మాటే, ఇంటి తగాదా అన్న మాట. అది కాదని చెప్పగలిగినవాళ్లలో మాకు ముఖం తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారు. ట్రాక్టరు మీద మిమ్మల్ని ఎక్కించింది ఎవరో తెలిసిన మీరా హుస్సేన్, నువ్వు.

మీరా హుస్సేన్ ఇప్పుడు లేడు. సంక్రాంతి ముందు నల్లపాడు స్టేషన్ దాటాక పట్టాల పక్కన దొరికాడు. రైలు కొట్టిందన్నారు. వాళ్లమ్మ సర్దార్‌బీ వచ్చి నా ముందు కూలబడి, “రైలు కొడితే చేతులెవరు కట్టారమ్మా?” అని అడిగింది. మణికట్ల చుట్టూ తాడు కోసిన గాట్లు ఉన్నాయట. వాడు నన్ను తన్నినవాడే. అయినా సర్దార్‌బీని పట్టుకుని ఏడ్చాను.

ఇద్దరిలో మిగిలింది నువ్వు. నిన్ను వెతికేది పోలీసులు మాత్రమే అనుకుంటున్నావేమో. కాదు. చెంచురామయ్య మనుషులు కూడా వెతుకుతున్నారు. ముందు ఎవరి కంటపడతావన్నదే తేడా.

అందుకని వచ్చేయ్. సి.ఐ. గారు ఇంటికి వచ్చి మాట్లాడారు. మీ బావ బతికి ఉన్నాడు కాబట్టి పెద్ద కేసు కాదట, కొట్లాట కిందికి వస్తుందట. నువ్వు వచ్చి పంపింది ఎవరో చెబితే నీ మీద తేలికగా పోతుందన్నారు. మీ బావ కూడా నీ మీద చెప్పనంటున్నాడు. కుడి కన్ను వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆలస్యమైతే రెండోదానికి కూడా వస్తుందేమోనని భయంగా ఉంది. చీకట్లో దాక్కుని ఏం సాధిస్తావు? వచ్చేయ్ తమ్ముడూ.

పిన్నికి నా సలాములు. నువ్వు వస్తావని ఎదురుచూసే

నీ అక్క,
జోహరాబీ

తా.క.: సి.ఐ. గారు ఇక్కడిదాకా చదివారు. బాగా రాశావమ్మా అని టీ తాగి వెళ్లారు. ఈ కింది ముక్కలు ఆయన వెళ్లాక రాస్తున్నాను.

మీ బావ లేడు. ఆ శుక్రవారం సాయంత్రమే, ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటోలో, నా ఒళ్లోనే పోయాడు. బావ బతికున్నాడని రాస్తేనే వాడు బయటికి వస్తాడని సి.ఐ. గారు అన్నారు. నిజం చెప్పే ధైర్యం లేక పిన్ని కూడా నీకు ఫోన్‌లో బాగానే ఉన్నాడని చెప్పిందట. ఆ మాట పట్టుకునే నేను పైన అలా రాశాను. మీ బావ బతికున్నట్టు, కేసు తేలికైనట్టు రాసినవి తప్ప మిగిలిందంతా నిజం. వాణ్ని రమ్మను అని ఆయన అనలేదు. ఏ మాటా అనలేదు. తల మీద దెబ్బ పడ్డాక ఆయన నోటి వెంట మాట రాలేదు.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. నేను కుళాయి దగ్గర నీ కళ్లు విప్పి పట్టుకుని ఉన్నంతసేపూ ఆయన నా వెనక నేల మీద పడి ఉన్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు నేను. చూసి ఉంటే నిన్ను వదిలేసేదాన్ని. ఆ కాసేపు ఆయన పక్కన ఉంటే బతికేవాడా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఆ మాటతో నేను బతకాలి. నువ్వు కూడా.

ఈ అబద్ధాన్నే అలా పంపేద్దామని చాలాసేపు అనుకున్నాను. కానీ నువ్వు కొట్లాట కేసనుకుని వచ్చి, బావ పోయాడని ఏ కానిస్టేబుల్ నోటనో వింటావు. అది నా నోటి నుంచే వినాలి. ఇది హత్య కేసు, కలీం. కోర్టులో నన్ను పిలుస్తారు. కొట్టింది నా తమ్ముడేనని చెబుతాను, ఒక్క ముక్క తగ్గించను. పంపింది ఎవరో నేను చెప్పలేను, నేను చూడలేదు. అది చెప్పాల్సింది నువ్వే. చెప్పినా జైలు తప్పదు. చెప్పకపోతే మీ బావ చావు ఇంటి తగాదాగా మిగిలిపోతుంది.

ఇది చదివి ఇంకా దూరం పారిపోతే నిన్ను వెతకను. వచ్చేటట్టయితే పోలీస్ స్టేషన్‌కు వెళ్లకు, అక్కడ ఎవరు ఎవరి మనిషో చెప్పలేం. రచన, మూర్తిగారు లాయరుతో మాట్లాడి ఉంచారు, నేరుగా కోర్టులో జడ్జి ముందు లొంగిపో. ఫోన్ చేస్తే వాళ్లే కారులో వచ్చి తీసుకెళ్తారు. రచన ఇంకా చెయ్యి మెడకు వేలాడదీసుకునే ఉంది, అయినా తానే వస్తానంది.

మొగుడు పోయినదాన్ని, గడువు తీరేదాకా ఇద్దత్‌లో ఉన్నాను, గడప దాటి నీ దగ్గరికి రాలేను. కోర్టుకు వెళ్లేముందు ఒకసారి ఇంటికి రావాలనిపిస్తే రా. తలుపు తీస్తాను. తీశాక ముందు నిన్ను కొడతానో, ముందు నీ కన్ను చూస్తానో నాకే తెలియదు.